మెత్తని భుజం

ఫిల్ము ఆరడానికి గంట పడుతుందని చెప్పి నర్సు ఎలిజబెత్ లోపలికి వెళ్ళిపోయింది. గంటంటే గంటేనా, డాక్టరుగారు ఆపరేషన్ ముగించుకొని వచ్చేదాకానా అని ఖుర్షీదా అడగలేదు. అడిగి ఏం లాభం, బెజవాడ సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నా గంటలన్నీ సాగుతూనే ఉంటాయి, ఫ్యాను తిరుగుతోందో తిరగాలా వద్దా అని ఆలోచిస్తోందో తెలియదు, ఎక్స్‌రే గదిలోంచి మందునీళ్ళ వాసన వస్తోంది, ఆ నీళ్ళలోంచే ఇందాక తన కూతురి వెన్నెముకను తీసి క్లిప్పుకి తగిలించి ఉంటారు. కొత్త బట్టను కత్తెర పెట్టేముందు తనూ అలాగే నానేసి తీగ మీద ఆరేస్తుంది, కుంచించుకుపోయేదేదో ముందే పోతుందని. పదమూడేళ్ళ జుబియా పక్కనే కూర్చుని లెక్కల నోటుపుస్తకం వెనక అట్ట మీద పువ్వులు గీస్తోంది. దానికి భయం లేదు, లేకపోతే భయం ఉన్నట్టు కనపడకూడదని గీస్తోంది. ఖుర్షీదా ఒళ్ళో రావమ్మగారి జాకెట్టు ఉంది, హుక్సులు కుట్టాలి, సాయంత్రానికి ఇస్తానని మాట ఇచ్చింది. సూదిలో దారం ఎక్కించి అలాగే పట్టుకుని కూర్చుంది. ఒక మాట చెప్పులో రాయిలా కదులుతోంది లోపల. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందామ్మా?" అని డాక్టర్ సంజీవరావుగారు అడిగారు. "లేదండీ" అంది తను. ఆయన ప్రశ్న పూర్తయ్యేలోపే అనేసింది.

ఎందుకంత తొందర. ఆయన తప్పు పట్టడానికి అడగలేదు, నెమ్మదిగా, బళ్ళో పంతులు చెప్పినట్టు విడమరిచి చెప్పారు పాపం. కొందరికి పుట్టుకతోనే వెన్నుపూస సగమే తయారవుతుందట. కొందరికి పోలియోలాంటి జబ్బు చేసి కండరాలు ఒక పక్కకు లాగేస్తాయట, కొందరికి ఒక కాలు పొట్టి. "మీ అమ్మాయికి అవేం కనపడటం లేదమ్మా. ఇలాంటి పిల్లలు పదిమందిలో ఎనిమిదిమందికి కారణం ఇదీ అని మేం చెప్పలేం. గబగబా ఎదిగే వయసులో వస్తుంది. ఆడపిల్లల్లో ఎక్కువ ముదురుతుంది. కాకపోతే కొన్ని కుటుంబాల్లో నడుస్తుంది, అందుకని అడుగుతున్నా. మీలో ఎవరికైనా ఉంటే చిన్నమ్మాయిని కూడా ఇప్పట్నించే కనిపెట్టి చూడాలి. ముందే పట్టుకుంటే బెల్టుతో ఆపుకోవచ్చు, ముదిరాక వస్తే ఆపరేషనే." చిన్నమ్మాయంటే ఫౌజియా, ఎనిమిదేళ్ళది, పటమటలో ఇంటి పక్క బడిలో మూడో తరగతి. ఆ పేరు గుర్తుకు రాకముందే నోరు లేదండీ అనేసింది. ఉందంటే ఆ ఉన్నది ఎవరి వైపు నుంచి అని అడుగుతారు కదా. అత్తమ్మ అడుగుతుంది. ఆవిడ అడగడమంటే ఒక రోజు కాదు, ఊపిరి ఉన్నన్నాళ్ళు.

కారణాలు కావాలా, డాక్టరుగారి దగ్గర లేవు గానీ పటమటలో బోలెడున్నాయి. జుబియా వీపు సంగతి బయటపడిన ఈ పది రోజుల్లో ఎవరి కారణం వాళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. మొగుడు కరిముల్లా ఆటోనగర్ నుంచి చేతులకు గ్రీజుతో వచ్చి పిల్ల బడి సంచీని తూకం వేసినట్టు పైకెత్తి చూసి, "ఇదీ సంగతి, పిల్ల మీద ఇంత లోడు వేస్తే ఛాసిస్ వంగదా మరి" అన్నాడు, ఆయనకు లోకంలో ప్రతిదీ లారీయే. రావమ్మగారు పిల్ల పడుకునే తీరు మంచిది కాదన్నారు, పరుపు తీసేసి చెక్క మీద పడుకోబెట్టమన్నారు. అత్తమ్మ మాత్రం మాల తిప్పుతూ తిప్పుతూ ఆపి, "అది కడుపులో ఉండగా గ్రహణం పట్టిన రోజు నువ్వు కత్తెర పట్టావు. నేను చూశాను" అంది. చూసిందట. పదమూడేళ్ళు దాచుకుంది ఆ చూపును. గ్రహణమో కాదో ఖుర్షీదాకు గుర్తు లేదు గానీ కత్తెర పట్టని రోజు ఏదని, నెలలు నిండేదాకా మిషను తొక్కింది, కడుపు బల్లకు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని, ఒక పక్కకు ఒరిగి తొక్కింది. ఒక పక్కకు ఒరిగి. ఇదీ ఖుర్షీదా సొంత కారణం, దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఇందాక గదిలో ధైర్యం చేసి అడిగింది, మిషను తొక్కితే వస్తుందాండీ అని. ఆయన నవ్వి, "మిషనూ కాదు, సంచీ కాదు, గ్రహణమూ కాదు. మీరు చేసిందేం లేదమ్మా" అన్నారు. ఆ మాటకు ఏడుపొచ్చింది. తప్పు లేదన్నప్పుడు ఏడుపెందుకు రావాలో.

నీళ్ళు చెప్పాయి అసలు సంగతి. శుక్రవారం, తలంటు. పెరట్లో బోరింగు దగ్గర జుబియా పాత గౌనుతో బకెట్టు మీదికి వంగి కూర్చుంది, జుట్టంతా ముందుకు వేసుకుని, కళ్ళల్లో సీకాయ పడుతుందేమోనని రెండు చేతులతో మొహం మూసుకుని. పుష్కరాల నెల, ఆకాశం మబ్బుగా ఉంది, అటు రోడ్డు మీద బస్సుల్లో జనం రేవులకు పోతూ ఉన్నారు. చెంబుతో మెడ మీద పోసింది. నీళ్ళు నడుమ గాడిలో జారాలి, చిన్నప్పుడెప్పుడూ అలాగే జారేవి, తెల్లటి సన్నటి కాలవ. ఆ రోజు జారలేదు. సగం దూరం వచ్చి ఎడమ పక్కకు తిరిగాయి. ఇంకో చెంబు పోసింది. మళ్ళీ ఎడమకే. తడి గౌను వీపుకు అంటుకుని, కుడి పక్క డొక్క పైన చిన్న గట్టులా లేచి ఉంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని చల్లపల్లిలో తన తండ్రి, అబ్బా, అంటుండేవాడు, పక్క పొలాల వాళ్ళు నీళ్ళ తగాదాలకు ఆయన కుట్టు కొట్టు ముందు నిలబడి అరుచుకుంటుంటే. మూడో చెంబు పోయలేదు ఖుర్షీదా. "ఏంటమ్మీ, చలేస్తోంది" అంది పిల్ల చేతుల్లోంచి. ఏం లేదంది. అప్పుడూ ఏం లేదనే అంది. ఆ మాట తనకు ఎంత అలవాటో.

కానీ నీళ్ళకంటే ముందే బట్టలు చెప్పలేదా. కిందటి రంజానుకు కరిముల్లా బీసెంటు రోడ్డులో రెడీమేడ్ చుడీదారు కొనుక్కొచ్చాడు, చిలకాకుపచ్చ, అద్దాలు కుట్టింది. దర్జీ ఇంట్లోకి రెడీమేడ్. ఖుర్షీదాకు ఒళ్ళు మండింది. పిల్ల మురిసిపోతూ వేసుకొచ్చి నిలబడితే ఎడమ భుజం జారి అంచు ఒక పక్కకు దిగిపోయింది. ఎంత సంతోషపడింది తను. "చూశారా, కటింగ్ రాని వాళ్ళ చేతిలో కత్తెర పెడితే ఇలాగే ఉంటుంది, రెండు భుజాలు ఒక్క కొలతకు కోయలేకపోయాడు" అని మొగుడికి చూపించి, ఆ షాపు వాణ్ణి నాలుగు తిట్టి, విప్పించి, రాత్రికి రాత్రి సరిచేసింది. ఎడమ పక్క లోపల దూది పెట్టి, రెండు పొరల మధ్య కుట్టి, చంక దగ్గర వేలెడు వదిలి. తెల్లారి పండగకు పిల్ల బొమ్మలా ఉంది. అంతా మెచ్చుకున్నారు. ఆ తర్వాత కుట్టిన యూనిఫాంలన్నీ అలాగే కుట్టింది. అందుకే బళ్ళో ఎవరికీ తెలియలేదు, పీటీ మాస్టారికి తెలియలేదు, ఇంట్లో తెలియలేదు. బట్ట బాగా కుదిరింది, అంతే. కుదిరిన బట్టను ఎవరు అనుమానిస్తారు. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలల్లో ఎన్ని డిగ్రీలు వంగిందో ఆ ఫిల్ము ఆరితే తెలుస్తుంది.

జుబియా పువ్వులు గీయడం ఆపింది. లేచి, తల్లి మోకాళ్ళ మీదుగా దాటుకుని ఎడమ పక్కన కూర్చుంది. "అటే బాగుంది కదే, ఫ్యాను కింద" అంది ఖుర్షీదా. "నిద్రొస్తోందమ్మీ. ఈ పక్కే మెత్తగా ఉంటుంది" అని బురఖా మీదే భుజానికి తల ఆన్చి కళ్ళు మూసుకుంది. మెత్తగా ఉంటుంది. అవును, ఉంటుంది. చంటిదప్పటి నుంచి దీనికి ఆ భుజమే, కుడి పక్క వేస్తే గుక్కపట్టి ఏడ్చేది, ఫౌజియా కూడా అంతే, రెండూ ఆ భుజం మీద జొల్లు కార్చి కార్చి పెరిగాయి. మెత్తగా ఎందుకుంటుందంటే దూది ఉంటుంది గనక. ప్రతి జాకెట్టుకూ ఉంటుంది. పదహారేళ్ళుగా తను తన జాకెట్లన్నిటికీ ఎడమ భుజంలో దూది పెట్టి కుట్టుకుంటోంది, ఎందుకంటే ఆది జాకెట్టులో ఉంది. కొలతకిచ్చే పాత జాకెట్టులో ఏముంటే కొత్త దాంట్లో అదే ఉండాలి, అది దర్జీ వేదం, ఆది ఉంటే టేపుతో పని లేదు. ఊళ్ళో ఆడవాళ్ళందరి ఒంటి కొలతలూ తన వేళ్ళకు తెలుసు, తన ఒంటికి మాత్రం తను ఏనాడూ టేపు పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన అవసరం రాలేదు, అబ్బా కుట్టిచ్చిన ఆది ఉంది.

సూది ఎక్కడో జారిపోయింది. వెతకలేదు. ఆసుపత్రి గోడ మెల్లగా పలచబడి దాని వెనక చల్లపల్లి సంత రోజు, అబ్బా కొట్టు, తడిక నీడ, సుద్ద ముక్కల వాసన. ఇంకో వారంలో నిఖా. అబ్బాకు, దర్జీ దాదాపీర్‌కు, ఊళ్ళో మంచి పేరు, మొగవాళ్ళ కోట్లూ ఆయనే, పెళ్ళికూతుళ్ళ జాకెట్లూ ఆయనే. తనను వెలుగు వైపు తిప్పి నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని వెనక నుంచి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. టేపు మెళ్ళో వేలాడుతోంది, కొలవడం లేదు. కాస్త ముందుకు వంగమన్నాడు, వంగింది. లెమ్మన్నాడు. నోట్లో సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. అరచెయ్యి తన ఎడమ భుజం కింద, డొక్క మీద పెట్టి అలాగే ఉంచాడు. బిడ్డ వెళ్ళిపోతోందని బాధపడుతున్నాడనుకుంది తను. తనకూ కళ్ళు తడిశాయి. అప్పుడు దూది తీసుకుని మడిచి ఎడమ పక్క పెట్టి, "ఇదెందుకు అబ్బా" అంటే, "రేపు పిల్లల్ని వేసుకునే భుజం ఇది తల్లీ. మెత్తగా ఉండాలి" అన్నాడు. "ఏ జాకెట్టు కుట్టుకున్నా దీన్నే ఆది పెట్టుకో. ఇంకోళ్ళ చేత కొలత తీయించుకోకు. నా కటింగ్ నీకు తప్ప ఎవరికీ రాదు" అన్నాడు. ఎంత పొంగిపోయింది. ఇద్దరు తమ్ముళ్ళుండగా తనకు పని నేర్పాడని, కటింగ్ తనకే ఇచ్చాడని. ఆ మధ్యాహ్నం కరకట్ట మీద బెజవాడ బస్సులో అబ్బా పక్కన కూర్చుని పెళ్ళి బాజాలు మాట్లాడటానికి వస్తూ, పక్కన కృష్ణ, ఎండలో ఇసక తిన్నెలు, తన పక్కనున్న ఆయన భుజం ఒక పక్కకు వాలి ఉంటే, నలభయ్యేళ్ళు మిషను మీద వంగి వంగి ఇలా అయ్యాడు పాపం అనుకుంది. అందరూ అదే అనేవాళ్ళు. కుట్టీ కుట్టీ ఒరిగిపోయాడు దాదాపీర్ అని. పోయేదాకా అదే అన్నారు. పోయాక చివరి స్నానం చేయించినవాళ్ళు తిరిగొచ్చి, వీపు బల్లకు సరిగ్గా ఆనలేదు పాపం, ఎంత కష్టజీవి అన్నారు.

పదమూడేళ్ళ పిల్ల ఎవర్ని ఎత్తుకుంటుందని తను దూది పెట్టింది?

ఖుర్షీదా కుడి చెయ్యి బురఖా లోపలికి పోయింది. జుబియా తల కదలకుండా, మెల్లగా, మెడ దగ్గర నుంచి ఎడమ భుజం దాకా తడిమింది, దూది కిందికి వేళ్ళు పోనిచ్చి. ఆ తర్వాత కుడి భుజం. పరాయి మనిషి కొలత తీసినట్టు తీసింది. వేలున్నర. ఎవరైనా ఆడమనిషి వచ్చి నిలబడితే గుమ్మంలోనే కనిపెట్టేది ఈ తేడా, నోట్లోంచి మాట రాకుండా కుట్టులో సర్దేది, మీకు ఒక భుజం పల్లంగా ఉందండీ అని ఏ దర్జీ అయినా ఎవరితోనైనా అంటాడా, అదీ అబ్బా నేర్పిందే. "ఎవరి ఒళ్ళూ సమానంగా ఉండదు. ఉన్నట్టు చూపించడానికే మనం ఉన్నాం." దుర్మార్గుడు. ముందు ఆ మాటే వచ్చింది లోపల, కన్నతండ్రి మీద. తనను కూడా కొట్టుకొచ్చిన ఒక బేరంలాగే సర్ది పంపించాడు. పెళ్ళివారికి చెప్పలేదు సరే, వాళ్ళకు చెబితే సంబంధం పోతుంది, తనకు చెప్పొద్దా. తన వీపు తనకు చెప్పొద్దా. కరిముల్లాకు తెలుసా? రెండు గదుల ఇంట్లో, అటు అత్తమ్మ ఇటు పిల్లలు, వీపులు చూసుకునే తీరిక ఎప్పుడేడ్చింది. తెలిసినా ఆయనకు అది లారీ సస్పెన్షనే. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో అబ్బా అరచెయ్యి మళ్ళీ తగిలింది, అదే చోట, వెచ్చగా. ఆయనకు ఏం తెలుసని చెప్తాడు. బెల్టులూ డిగ్రీలూ తెలుసా. తన ఒంట్లోది బిడ్డ ఒంట్లోకి నడిచిందని ఆ వెలుగులో చూశాడు, చూసి, చేతిలో ఉన్న విద్యతో చేయగలిగింది చేశాడు. మీరు చేసిందేం లేదమ్మా అని ఆయనతో ఎవరన్నారు? ఎవరూ అనలేదు. పాపమంతా ఒక్కడే నోట్లో సూదులతో పాటు పెట్టుకున్నాడు.

మరి తను? తనకైతే, అడిగిన డాక్టరున్నాడు. లేదండీ అంది. ఫౌజియా గౌను గుర్తు చేసుకోబోయింది, మొన్న ఆదివారం వేసుకున్న పసుప్పచ్చది, మెడ దగ్గర జారిందా, జారలేదా. జారితే తన చేతులు ఊరుకుని ఉంటాయా, పిల్ల నిద్రపోయాక ఎప్పుడో సర్దేసి ఉంటాయి, మనసుకు చెప్పకుండా. చేతుల్ని నమ్మడానికి లేదు. ఉందని చెబితే అత్తమ్మ, గ్రహణం వదిలేసి దాదాపీర్‌ను పట్టుకుంటుంది, మోసం చేసి అంటగట్టారంటుంది, అదీ అబద్ధం కాదు. సమాధిలో ఉన్న మనిషిని రోజూ లేపి నిలబెడుతుంది. తన వంతూ అబ్బా వంతూ తిట్లు తినాలి తను. చెప్పకపోతే ఎవరికీ ఏమీ కాదు, ఇంకో నాలుగేళ్ళదాకా. అప్పటికి ఫౌజియాకు పన్నెండు. అప్పుడు నీళ్ళు చెప్తాయి.

"జుబియా, లోపలికి రండి" అని ఎలిజబెత్ పిలిచింది.

డాక్టరుగారు ఫిల్మును దీపం పెట్టె మీద తగిలించారు. చెయ్యి తిరగని పిల్ల వేసిన మొదటి కుట్టులా నడుమ దాకా బాగానే వచ్చి కుడి పక్కకు తప్పి, మళ్ళీ దారికి వచ్చింది వెన్నెముక. ఆయన స్కేలు పెట్టి గీతలు గీశారు. "ఇరవై ఆరు డిగ్రీలు. భయపడకండి. ఇంకా ఎదిగే వయసే కాబట్టి బెల్టు వేద్దాం. ఆర్నెల్లకోసారి చూపించాలి" అన్నారు. కాగితం మీద రాస్తున్నారు. రాసి సంతకం పెట్టేసి, ఇంకో రోగిని పిలవబోయారు.

"డాక్టరుగారండీ. ఇందాక లేదన్నాను."

ఆయన కలం మూత పెట్టబోతూ ఆగారు.

"ఉందండీ. మా అబ్బాకు ఉండేది. నాకూ ఉందనుకుంటాను. ఇప్పుడే తెలిసింది, ఆ బల్ల మీద."

ఆయన ఎలిజబెత్‌తో, "తెర లాగి చూడమ్మా" అన్నారు. ఎలిజబెత్ తెర లాగింది. "నువ్వు బయట కూర్చో పాపా" అంటే జుబియా కదల్లేదు. ఖుర్షీదా బురఖా తీసి కుర్చీ మీద వేసింది, జాకెట్టు ఎడమ భుజం లోపల కుట్టు ఎక్కడుందో చూడకుండానే తెలుసు, గోటితో పట్టి తెంపింది, దూది బయటికి లాగి అరచేతిలో పెట్టుకుంది. పదహారేళ్ళలో మొదటిసారి ఆ పక్క తేలికయింది. రెండు చేతులూ జోడించి ముందుకు వంగింది, అప్పుడు అబ్బా వంగమన్నట్టే.

"ఉందండీ" అంది ఎలిజబెత్ తెర ఇవతలి నుంచి. "పెద్దగా లేదు. కుడి పక్కే, ఈ పాపలాగే."

"చిన్నమ్మాయిని ఎప్పుడు తీసుకొస్తారు?" అన్నారు అవతల డాక్టరుగారు.

"రేపే తెస్తానండీ" అంది ఖుర్షీదా, వంగిన మనిషి వంగినట్టే. లేవబోతుంటే వీపు మీద ఒక చిన్న అరచెయ్యి పడింది. ఎలిజబెత్‌ది కాదు. కుడి పక్క ఎత్తు మీద నుంచి నెమ్మదిగా జారి, ఎడమ భుజం కింద, డొక్క మీద ఆగింది.

"అమ్మీ, నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పలేదమ్మా. కుట్టిచ్చారు."

చెయ్యి తీయలేదు జుబియా. "మరి నాకు?"

ఖుర్షీదాకు నేల మీద గచ్చు, తన పాదాలు, పక్కనే కూతురి బడి బూట్లు కనపడుతున్నాయి. "నేనూ కుట్టాను" అంది.

తెర అవతల ఫ్యాను తిరుగుతోంది.

"ఫౌజియాకు ముందు చెప్దాం" అంది జుబియా. "తర్వాత కుడుదువుగాని."